32 పళ్ళున్న నోట్లో 36వ పన్ను ఎక్కడిది?

కొత్తగావచ్చా:
అందరికీ నమస్తే. ఎడమ వైపు కింద పన్ను చల్లనీళ్ళకి జివ్వుమంటుంటే డెంటిస్టు దగ్గరికి వెళ్ళొచ్చాను. ఎక్స్‌రే తీసి, చిన్న అద్దం నోట్లో పెట్టి చూసి, పక్కనున్న అసిస్టెంటుకి ఏవో అంకెలూ అక్షరాలూ గబగబా చెప్పేశారు. నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు మనం ఏం అడగగలం? ఇంటికొచ్చి కాగితం చూస్తే ఇలా ఉంది:

36 – ఎం.ఓ. కేరీస్
46 – పాత ఎం.ఓ.డి. ఫిల్లింగ్, బాగానే ఉంది
11 – ఇన్‌సైజల్ చిప్
14, 24 – బక్కల్, సర్వికల్ అబ్రేషన్

కేరీస్ అంటే పుచ్చు అని తెలుసు. అక్కడితో నా జ్ఞానం సరి. జ్ఞానదంతాలు కూడా రెండు తీసేశారు లెండి, ఇప్పుడు నోట్లో ఉన్నవి 30. మరి ఈ 36, 46 ఎవరివి? కాగితాలు తారుమారయ్యాయేమోనని టెన్షన్‌గా ఉంది.

అద్దంలోకోతి:
ఉన్న 30కే తోముకోలేక చస్తుంటే ఇంకో 16 ఎందుకండీ. 46 దాకా లెక్క వచ్చిందంటే అది నోటి పన్ను కాదు, ఆదాయప్పన్ను.

తెల్లకోటు:
కాగితాలు మారలేదు, కంగారు పడకండి. నేను పదిహేనేళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నాను, ఈ ప్రశ్న వారానికోసారైనా వింటాను.

36ని ముప్పై ఆరు అని చదవకూడదు. 'మూడు, ఆరు' అని విడివిడిగా చదవాలి. మొదటి అంకె నోట్లో ఏ మూలో చెబుతుంది. రెండోది ఆ మూలలో ఎన్నో పన్నో చెబుతుంది.

నోటిని నాలుగు భాగాలు చేయండి. మీ పైదవడ కుడి వైపు 1, పైదవడ ఎడమ 2, కిందిదవడ ఎడమ 3, కిందిదవడ కుడి 4. గడియారం ముల్లు తిరిగినట్టు చుట్టి వస్తుంది, కాకపోతే మీకు ఎదురుగా నిలబడి చూసేవాళ్ళకి. ఇక ఏ భాగంలోనైనా ముందు పళ్ళ మధ్య గీత దగ్గర మొదలుపెట్టి వెనక్కి 1 నుంచి 8 వరకు లెక్కపెడతాం. 1, 2 కొరికే పళ్ళు, 3 కోరపన్ను, 4, 5 ప్రీమోలార్లు, అంటే చిన్న దవడ పళ్ళు, 6, 7, 8 మోలార్లు, అంటే పెద్ద దవడ పళ్ళు. 8 అంటే జ్ఞానదంతం.

కాబట్టి 36 అంటే కింద ఎడమ వైపు మొదటి పెద్ద దవడ పన్ను. మీరు జివ్వుమంటోందన్న వైపే కదా? 46 దానికి ఎదురు వైపు జోడీ. 11 పైన కుడి వైపు మధ్య పన్ను. ఈ పద్ధతిలో 19, 20, 29, 30 లాంటి పళ్ళు ఉండనే ఉండవు.

కొత్తగావచ్చా:
అమ్మయ్య! మూడు-ఆరు. మరి నాకు జ్ఞానదంతాలు లేకపోతే అంకెలు మారవా?

తెల్లకోటు:
మారవు. ఆ అంకె పంటి పేరు, అది ఎన్నో స్థానంలో ఉందన్న లెక్క కాదు. అన్నదమ్ముల్లో పెద్దవాడు ఊరెళ్ళినంత మాత్రాన రెండోవాడి పేరు మారదు కదా.

తీగలపళ్ళు:
ఇది నాకు అనుభవమే. బ్రేసెస్ వేయడానికి నాకు నాలుగు ప్రీమోలార్లు తీసేశారు, ఒక్కో భాగంలో నాలుగో పన్ను. ఖాళీలన్నీ మూసుకుపోయాయి. ఇప్పుడు నేను నాలుకతో లెక్కపెట్టుకుంటే ఆరో పన్ను అనుకున్నది నిజానికి ఏడోది. కొత్త డాక్టరు చార్టులో 14, 24, 34, 44 దగ్గర కొట్టివేత గీతలు పెట్టి మిగతా అంకెలు అలాగే ఉంచారు. లెక్కపెట్టడం కాదు, పంటి ఆకారం చూసి గుర్తుపడతాం అన్నారు.

కొత్తగావచ్చా:
ఇంకో గందరగోళం. ఎక్స్‌రే ఫోటో నా ఫోనులో ఉంది. అందులో జ్ఞానదంతం లేనిది ఎడమ పక్క కనిపిస్తోంది. నాకు తీసింది కుడి వైపు. ఇదైనా తారుమారా?

సగంచదువు:
నేను దంతవైద్యం రెండో ఏడాది చదువుతున్నాను, దీనికి నేను చెప్పొచ్చనుకుంటా. ఎక్స్‌రే, చార్టు రెండూ డాక్టరు మీకు ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు ఉంటాయి. ఎదుటి మనిషి కుడి చెయ్యి మనకు ఎడమ పక్కనే కదా కనిపించేది. అందుకే మీ కుడి దవడ బొమ్మలో ఎడమ పక్కన ఉంటుంది. అద్దంలో మాత్రం మీ ఎడమ మీకు ఎడమ పక్కనే కనిపిస్తుంది. అందుకని అద్దం ముందు నిలబడి ఎక్స్‌రేతో పోల్చుకుంటే తప్పకుండా తికమక పడతారు. మొదటి ఏడాది మేమూ పడ్డాం.

అద్దంలోకోతి:
నా పేరు తీసినట్టున్నారు.

పాతకాగితం:
అంకెల సంగతి వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. పైన చెప్పినది ఎఫ్‌డీఐ (ప్రపంచ దంతవైద్య సమాఖ్య) పద్ధతి, ఐఎస్ఓ 3950 ప్రమాణం కూడా ఇదే. ప్రపంచంలో ఎక్కువ చోట్ల ఇది నడుస్తుంది. అమెరికాలో వేరే పద్ధతి, దాని పేరు యూనివర్సల్. పేరులో విశ్వం ఉన్నా వాడకం ప్రధానంగా అక్కడే. దాంట్లో పైన కుడి జ్ఞానదంతం 1తో మొదలై పైవరుస ఎడమ చివర 16, అక్కడి నుంచి కిందికి దిగి ఎడమ జ్ఞానదంతం 17, తిరిగి కుడి చివరికి 32. అంటే కొత్తగావచ్చా గారి 36 అక్కడ 19.

చిక్కల్లా రెండు పద్ధతుల్లోనూ ఉండే అంకెలతోనే. 18 అంటే ఎఫ్‌డీఐలో పైన కుడి జ్ఞానదంతం, యూనివర్సల్‌లో కింద ఎడమ రెండో మోలార్. విదేశం నుంచి తెచ్చుకున్న రిపోర్టు ఇక్కడ చూపించేటప్పుడు ఏ పద్ధతో అడిగి తీరాలి. మూడోది కూడా ఉంది. 1861లో వియన్నాకి చెందిన జిగ్మోండి అనే దంతవైద్యుడు ప్రతిపాదించిన గీతల పద్ధతి. కూడిక గుర్తులాంటి గీతలు గీసి ఏ మూలలో 6 రాస్తే ఆ మూల ఆరో పన్ను. పామర్ పద్ధతి అని పిలిచేది దీన్నే. కాగితం మీద చక్కగా ఉంటుంది, కంప్యూటర్లో టైపు చేయబోతే ఏడుపొస్తుంది.

కొత్తగావచ్చా:
సరే, పన్ను దొరికింది. ఇప్పుడు ఎం.ఓ. అంటే?

సగంచదువు:
ఎం అంటే మీజియల్, ఓ అంటే అక్లూజల్, డి అంటే డిస్టల్. మీజియల్ అంటే పంటికి ముందు వైపు, డిస్టల్ అంటే వెనక వైపు. అక్లూజల్ అంటే నమిలే పైభాగం.

తెల్లకోటు:
తమ్ముడూ, ఇక్కడ ఆగాలి. 'ముందు, వెనక' అంటే దవడ పళ్ళ వరకు సరిపోతుంది. ముందు పళ్ళకి అదే అన్వయిస్తే 11కి మీజియల్ ఎటు? పెదవి వైపా? కాదు. పరీక్షలో ఇలా రాస్తే మార్కు పోతుంది.

పళ్ళ వరుస తిన్నగా ఉండదు, గుర్రపు నాడాలా వంపు తిరిగి ఉంటుంది. నాడా మధ్యలో, అంటే రెండు ముందు పళ్ళ నడుమ, ఒక గీత ఉందనుకోండి. ఆ వంపు వెంటే నడిస్తే ఆ మధ్యగీతకి దగ్గరగా ఉన్న పక్క మీజియల్, దూరంగా ఉన్న పక్క డిస్టల్. ఆ నడక ముందు పళ్ళ దగ్గర అడ్డంగా సాగుతుంది, కోరపన్ను దగ్గర మలుపు తిరుగుతుంది, దవడ పళ్ళ దగ్గర ముందు-వెనకగా మారుతుంది. దిక్కు మారినా మాట మారదు. అందుకే కుడి, ఎడమ, ముందు, వెనక అనే మాటలు మేం పంటి విషయంలో వాడం. కుడివైపు పంటికి ఎడమ పక్క మీజియల్, ఎడమవైపు పంటికి కుడి పక్క మీజియల్. కుడి-ఎడమలు పెట్టుకుంటే రోజూ గొడవే.

ఇందులో ఒక తమాషా ఉంది. నోట్లో ప్రతిచోటా ఒక పంటి డిస్టల్ పక్క, వెనకున్న పంటి మీజియల్ పక్కని ఆనుకుంటుంది. మీజియల్‌కి మీజియల్ తగిలేది పైన ఒకచోట, కింద ఒకచోట, సరిగ్గా మధ్యగీత మీదే. చివరి మోలార్ డిస్టల్ పక్కకి ఏ పన్నూ తోడు ఉండదు.

సగంచదువు:
తప్పు ఒప్పుకుంటున్నాను సార్. మా సీనియర్లు కూడా ముందు-వెనక అనే చెప్పారు, దాన్నే పట్టుకున్నాను.

తెల్లకోటు:
సార్ కాదు, మేడమ్ :) సీనియర్ల నోట్సు మా రోజుల్లోనూ అంతే.

పదాలపుట్ట:
నేను అనువాదకురాలిని, వైద్యం రాదు. కానీ ఈ చర్చ చదువుతుంటే మా వ్యాకరణం గుర్తొచ్చింది. ప, ఫ, బ, భ, మ ఓష్ఠ్యాలు కదా, పెదవులతో పలికేవి. చ, ఛ, జ, ఝ తాలవ్యాలు, అంగిలితో పలికేవి. త, థ, ద, ధ, న దంత్యాలు. డెంటిస్టుల 'లేబియల్' మన ఓష్ఠ్యమే, 'పాలటల్' మన తాలవ్యమే. భాషాశాస్త్రంలో వాడే ఇంగ్లీషు మాటలు కూడా ఇవే. చిన్నప్పుడు అక్షరాల పుట్టుక నేర్చుకున్నవాళ్ళకి సగం దంతశాస్త్రం వచ్చేసినట్టే.

బక్కల్ అంటే లాటిన్‌లో బుగ్గ, లింగ్వల్ అంటే నాలుక. మీజియల్ గ్రీకులో 'మధ్య' అన్న మాట నుంచి వచ్చింది. డిస్టల్ దూరం అన్నదానికి చుట్టం.

తెల్లకోటు:
భలే చెప్పారు, ఇది నా విద్యార్థులకి వాడుకుంటా. దానికి ఇంకాస్త కలుపుతాను. ముందు ఆరు పళ్ళకి బయటి వైపు పెదవి తగులుతుంది కాబట్టి లేబియల్. నాలుగో పన్ను నుంచి బయట ఉండేది బుగ్గ కాబట్టి బక్కల్. ఏదో తేల్చుకోలేనప్పుడు రెంటికీ కలిపి ఫేషియల్ అంటే చాలు. లోపలి వైపు కిందిదవడలో లింగ్వల్. పైదవడలో లోపలి పక్కకి అంగిలి దగ్గర కాబట్టి పాలటల్. పైపళ్ళకి లింగ్వల్ అన్నా ఎవరూ కొట్టరు.

పై తలం దగ్గర మాత్రం ఒక భేదం గమనించాలి. దవడ పళ్ళకి పైన వెడల్పైన బల్లలాంటి తలం ఉంటుంది, అది అక్లూజల్. ముందు పళ్ళకి బల్ల లేదు, ఉలి మొనలాంటి అంచు మాత్రమే. అది ఇన్‌సైజల్ అంచు. కొత్తగావచ్చా గారి 11 దగ్గర 'ఇన్‌సైజల్ చిప్' అంటే ఆ అంచులో చిన్న పెచ్చు లేచిందని.

పదాలపుట్ట:
మరి ఇవన్నీ తెలుగులో ఎందుకు రాయరు? బడి పుస్తకాల్లో ఎంత చక్కటి మాటలున్నాయి! కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు. దంతసూత్రం 2123 అని బట్టీ పట్టాం. మీజియల్‌కి 'మధ్యాభిముఖ తలం' అనొచ్చు, డిస్టల్‌కి 'దూరాభిముఖ తలం'.

అద్దంలోకోతి:
'అమ్మా, మీ అధో వామ ప్రథమ చర్వణకపు మధ్యాభిముఖ తలం పుచ్చినది.' పేషెంటు ఆ మాటకే మూర్ఛపోతాడు, మత్తు ఇంజెక్షన్ ఆదా.

తెల్లకోటు:
నవ్వుకున్నాను కానీ, ఇద్దరూ ఒక మాట మరిచారు. రోగితో మాట్లాడేటప్పుడు నేను సంస్కృతమూ వాడను, లాటినూ వాడను. బుగ్గ వైపు, నాలుక వైపు, పెదవి వైపు, అంగిలి వైపు. ఇవి అందరికీ వచ్చు. మీజియల్‌కి మాత్రం ఇంటి మాట లేదు. 'ముందు పంటిని ఆనుకున్న పక్క' అని వేలితో చూపిస్తాను. చార్టులో మాత్రం ఎం, డి అని రాయాల్సిందే, రేపు వేరే ఊళ్ళో ఇంకో డాక్టరు ఆ చార్టు చదవాలి కదా. దంతసూత్రం మాట తీసుకొచ్చినందుకు సంతోషం. అందులో వరుసగా 2, 1, 2, 3 అంటే మొత్తం 8. ఎఫ్‌డీఐ అంకెల్లో రెండోది అదే 8 లోంచి వచ్చింది.

పదాలపుట్ట:
ఒప్పుకోను గానీ, 'ముందు పంటిని ఆనుకున్న పక్క' నచ్చింది. మధ్య పళ్ళకి అది పనిచేయదు, మీరే అన్నారు.

తెల్లకోటు:
దొరికిపోయాను.

కొత్తగావచ్చా:
ఇక నా అసలు సందేహం. ఎం.ఓ. అంటే మీజియల్ పక్కనా, నమిలే తలం మీదా రెండు చోట్లా పుచ్చు ఉందని. కానీ నేను టార్చి వేసి చూశాను. పైన నల్లగా ఏమీ లేదు, రంధ్రం లేదు. మరి 'ఓ' ఎందుకు రాశారు? అనవసరంగా పెద్ద ఫిల్లింగ్ చేస్తారేమోనని భయం.

తెల్లకోటు:
ఇది మంచి ప్రశ్న, దీనికి కాస్త పెద్ద జవాబు ఇస్తాను.

రెండు పళ్ళు పక్కపక్కన ఉన్నప్పుడు అవి గోడకి గోడ అతుక్కుని ఉండవు. ఇద్దరు మనుషులు భుజం భుజం తగిలించి నిలబడ్డట్టు, పైన ఒక చిన్న చోట మాత్రం తగులుతాయి. దాన్ని కాంటాక్ట్ అంటాం. దాని కింద చిగురు దాకా త్రికోణంగా ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో చిగురు మొన నిండి ఉంటుంది. బ్రష్షు పోగులు అక్కడికి చేరవు. పుచ్చు మొదలయ్యేది సరిగ్గా ఆ కాంటాక్ట్‌కి కొంచెం కింద. పక్క పన్ను అడ్డం ఉంది కాబట్టి మీ టార్చికి కనిపించదు, నా అద్దానికీ సరిగ్గా కనిపించదు. అందుకే పళ్ళతో కరిచి పట్టుకునే చిన్న ఎక్స్‌రే, బైట్‌వింగ్, తీస్తాం.

ఇప్పుడు పంటి పైభాగం చూడండి. నమిలే తలానికి రెండు చివర్లా, మీజియల్ పక్కన ఒకటి, డిస్టల్ పక్కన ఒకటి, గట్టులాంటి అంచు ఉంటుంది. దాని పేరు మార్జినల్ రిడ్జ్. పొలం గట్టు అనుకోండి. పుచ్చు ఆ గట్టు కింద, పక్క గోడలో ఉంది. పక్కనుంచి వెళ్దామంటే ఇంకో పన్ను అడ్డం. అందుకని చాలాసార్లు పైనుంచి గట్టు తెరుచుకుని దిగాల్సి వస్తుంది. నింపేటప్పుడు పక్క గోడా కట్టాలి, పైన తెరిచిన దారీ మూయాలి. అలా ఎం.ఓ. అవుతుంది. పుచ్చు పుట్టింది ఎం దగ్గర, దారి ఓ గుండా. పైనున్న గాడిలో కూడా పుచ్చు ఉండొచ్చు, ఆ గాడులు కొన్నిసార్లు బ్రష్షు పోగు కన్నా సన్నగా ఉంటాయి. మీది ఏదో మీ డాక్టరునే అడగండి, ఎక్స్‌రేలో చూపిస్తారు.

మీ 46కి ఎం.ఓ.డి. అంటే రెండు గట్లూ తెరిచి, నడుమ తలంతో కలిపి నింపారన్నమాట. గట్లు రెండూ పోయిన పన్ను కొంచెం బలహీనపడుతుంది, అందుకే దాన్ని కనిపెట్టుకుని ఉంటాం.

సగంచదువు:
జి.వి. బ్లాక్ వర్గీకరణలో దవడ పళ్ళ పక్క గోడల పుచ్చు క్లాస్ 2. గాడుల్లోది క్లాస్ 1. పంటి మెడ దగ్గరది క్లాస్ 5. ఇది మాత్రం కరెక్టే కదా మేడమ్?

తెల్లకోటు:
కరెక్టే.

ఇద్దరుపిల్లలతల్లి:
నేనూ మధ్యలో దూరొచ్చా? మా బాబుకి ఆరేళ్ళు. చార్టులో '75 డి.ఓ.' అనీ, దాని పక్కన '36 – జాగ్రత్త' అనీ రాశారు. 75 అంటే ఏడో మూల ఎక్కడినుంచి వచ్చింది? ఇంకా వాడికి ఒక్క పన్నూ ఊడలేదు, అప్పుడే 36 ఎలా ఉంటుంది? అది పాలపన్నే అనుకుంటున్నాను, ఎలాగూ ఊడిపోతుంది కదా.

తెల్లకోటు:
అమ్మా, ఇది దయచేసి ఇంకో నలుగురు తల్లులకి కూడా చెప్పండి. 36 పాలపన్ను కాదు. ఊడదు.

పాలపళ్ళు 20. ఒక్కో మూలకి ఐదు: రెండు కొరికే పళ్ళు, ఒక కోరపన్ను, రెండు మోలార్లు. పాలపళ్ళలో ప్రీమోలార్లు లేవు. పాలపళ్ళ మూలలకి 5, 6, 7, 8 అంకెలు వాడతాం, పెద్దపళ్ళ 1, 2, 3, 4కి అదే వరుసలో. అంటే 75 కింద ఎడమ వైపు ఐదో పాలపన్ను, వరుసలో ఆఖరిది. సుమారు ఆరేళ్ళకి దాని వెనక, ఖాళీ చిగుట్లోంచి, ఏ పన్నూ ఊడకుండానే మొదటి పెద్ద మోలార్ వచ్చేస్తుంది. అదే 36. ఏదీ ఊడలేదు కాబట్టి ఇదీ పాలపన్నే అని తల్లిదండ్రులు వదిలేస్తారు. జీవితాంతం నమలాల్సిన పన్ను అలా పాడవుతుంది.

ఇప్పుడు పైన చెప్పుకున్న సూత్రం ఇక్కడ పెట్టి చూడండి. 75 డిస్టల్ పక్క దేన్ని ఆనుకుంటుంది?

ఇద్దరుపిల్లలతల్లి:
36 మీజియల్ పక్కని... అయ్యో. అంటే ఊడిపోయే పన్నులోని పుచ్చు పక్కనే ఊడని పన్ను ఉంది. అందుకా జాగ్రత్త అని రాశారు!

తెల్లకోటు:
అందుకే. పైగా 75 ఊడేది పది, పన్నెండేళ్ళ మధ్య. అప్పటిదాకా అది చోటు కాపలా కాస్తుంది. ముందే తీసేస్తే 36 మీజియల్ వైపుకి జరిగి, కింద నుంచి రావాల్సిన 35కి చోటు లేకుండా చేస్తుంది.

ఇద్దరుపిల్లలతల్లి:
రేపే ఫోన్ చేస్తాను. ఇంకోటి, మా పెద్దదానికి కొత్తగా వచ్చిన ముందు పళ్ళ అంచు రంపంలా మూడు మెట్లుగా ఉంది. విరిగిందా?

సగంచదువు:
లేదక్కా, అవి మామెలాన్లు. కొత్తగా వచ్చిన కొరికే పళ్ళకి అంచు మీద మూడు బుడిపెలు మామూలే. పైపళ్ళూ కిందిపళ్ళూ రాసుకుని కొన్నాళ్ళకి అరిగి సాఫైపోతాయి.

రాత్రిపక్షి:
బుడిపెల మాట వచ్చింది కాబట్టి... నా పైన దవడ పన్నుకి లోపలి వైపు చిన్న ముద్దలా తగులుతోంది నాలుకకి. రెండు వైపులా ఉంది. ఎప్పటినుంచో ఉందనుకుంటా, ఇవాళే గమనించా. రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లకోటు:
16, 26 అయ్యుంటాయి. పైదవడ మొదటి మోలార్‌కి మామూలుగా నాలుగు కస్పులు, అంటే నమిలే తలం మీది శిఖరాలు. వాటిలో మీజియల్, పాలటల్ రెండు పక్కలూ కలిసే మూలలో ఉన్న శిఖరాన్ని మీజియో-పాలటల్ కస్ప్ అంటాం. కొందరికి దాని అంగిలి పక్కన ఐదో చిన్న బుడిపె ఉంటుంది. ఆస్ట్రియా దంతవైద్యుడు కారబెల్లి వర్ణించాడు కాబట్టి ఆయన పేరే. రెండు వైపులా ఒకేలా ఉండి, పంటి లాగే గట్టిగా ఉంటే అదే అయ్యే అవకాశం ఎక్కువ. మామూలు చెకప్‌కి వెళ్ళినప్పుడు చూపించండి, హాయిగా పడుకోండి.

కొత్తగావచ్చా:
నా కాగితంలో ఆఖరి వరుస మిగిలింది. 14, 24 సర్వికల్ అబ్రేషన్. నాకు మెడనొప్పి ఏమీ లేదు మరి!

అద్దంలోకోతి:
పళ్ళకి కాలర్ పట్టీ కట్టాల్సిందే.

తెల్లకోటు:
నవ్వకండి, మాట అదే. సర్విక్స్ అంటే లాటిన్‌లో మెడ, అబ్రేషన్ అంటే అరుగుదల. పంటికీ మెడ ఉంది. చిగురు పైన కనిపించే భాగం క్రౌన్, ఎముకలో దిగిన భాగం రూట్, రెండూ కలిసే సన్నని చోటు మెడ. క్రౌన్ మీద కప్పు ఎనామెల్, బరువులో సుమారు 96 శాతం ఖనిజమే, శరీరంలో దీన్ని మించిన గట్టి పదార్థం లేదు. రూట్ మీద కప్పు సిమెంటం, అది పలచన, మెత్తన. రెంటి లోపలా ఉండేది డెంటిన్, ఖనిజం సుమారు 70 శాతం. దాని నడుమ నరాలూ రక్తనాళాలూ ఉండే పల్ప్.

శిఖరాల మీద ఎనామెల్ రెండు మిల్లీమీటర్ల పైనే మందం ఉంటుంది. మెడ దగ్గరికొచ్చేసరికి కత్తి అంచులా సన్నబడి ఆగిపోతుంది. గట్టి బ్రష్షుతో అడ్డంగా రుద్దితే ముందు లొంగేది అక్కడే. కోరపళ్ళు, వాటి వెనక ప్రీమోలార్లు వరుస మలుపులో ముందుకి పొడుచుకుని ఉంటాయి కాబట్టి చెయ్యి బలమంతా వాటి మీద పడుతుంది. అదే మీ 14, 24 బక్కల్ పక్క. మెడ అరిగి డెంటిన్ బయటపడితే, దానిలోని సన్నటి గొట్టాల గుండా చల్లదనం లోపలికి తెలుస్తుంది. ఎనామెల్ తయారుచేసిన కణాలు పన్ను బయటికొచ్చేలోపే పోతాయి, కాబట్టి అరిగింది మళ్ళీ పెరగదు. మెత్తటి బ్రష్షుకి మారండి.

తీగలపళ్ళు:
నాకు చిగుళ్ళు చూసినప్పుడు ఒక్కో పంటికి 'మూడు, రెండు, మూడు' అని చదివారు. అది కూడా ఇలాంటిదేనా?

సగంచదువు:
అవును. సన్నటి కొలకర్రతో చిగురుకీ పంటికీ మధ్య లోతు మిల్లీమీటర్లలో కొలుస్తారు. పంటికి ఆరు చోట్ల: బుగ్గ వైపు మీజియల్ మూల, మధ్య, డిస్టల్ మూల, మళ్ళీ నాలుక వైపు అలాగే మూడు. 3 దాకా సాధారణంగా బాగున్నట్టే. 4, ఆపైన వస్తే అక్కడ చిగురు మీద కన్నేస్తారు.

కొత్తగావచ్చా:
పది రోజుల తర్వాత మళ్ళీ వచ్చాను. ఫిల్లింగ్ అయిపోయింది. వెళ్ళేముందు అపాయింట్‌మెంట్ చీటీ చూస్తే '26 ఎం.ఓ.' అని ఉంది. ఇదివరకైతే పట్టించుకునేదాన్ని కాదు. రెండో మూల అంటే పైది కదా, నాది మూడో మూల అని కౌంటర్లో అడిగాను. ఆ అమ్మాయి ఫైలు చూసి, 'టైపు చేయడంలో పొరపాటండీ, డాక్టరు గారి చార్టులో 36 అనే ఉంది' అని దిద్దింది. డాక్టరు ఎలాగూ ఎక్స్‌రే చూసే చేసేవారు లెండి, కానీ అడిగినందుకు ఆయన సంతోషించారు. ఈసారి ఎక్స్‌రే తెర మీద పెట్టి గట్టు కింద నల్లమచ్చ చూపించారు. మేడమ్ చెప్పినట్టే, పైన గాడి శుభ్రంగానే ఉంది, పుచ్చంతా మీజియల్ గోడలోనే.

ఒకటి మాత్రం మారింది. తెరిచాక డిస్టల్ పక్కన కూడా మెత్తగా ఉందని చెప్పి అటూ తీశారు. కాబట్టి ఎం.ఓ. కాదు, ఎం.ఓ.డి. అయింది.

తెల్లకోటు:
ఎక్స్‌రేలో కనిపించిన దానికన్నా లోపల కాస్త ఎక్కువే ఉండటం మామూలే. 36 డిస్టల్ అంటే 37 మీజియల్ దానికి ఆనుకునే ఉంటుంది. అది చూశారా?

కొత్తగావచ్చా:
గట్టు తెరిచి ఉన్నప్పుడే నేను అడిగాను, నోట్లో దూదితోనే, వేలితో చూపించి. అద్దం పెట్టి చూశారు. అక్కడ ఎనామెల్ గట్టిగానే ఉందట.

అద్దంలోకోతి:
నోట్లో దూదితో 'మీజియల్' అని ఎలా పలికారు? 'మీ' ఓష్ఠ్యం కదా, పదాలపుట్ట గారూ?